ట్యూమర్ బోర్డుకు కేసు వెళ్లే ముందు ఏం సిద్ధం చేయాలి, నిర్ణయం వచ్చాక ఏం అడగాలి

క్యాన్సర్ అని తేలాక ముందు ఆపరేషనా, కీమోనా, రేడియేషనా అన్నది చాలా పెద్దాసుపత్రుల్లో ఒక్క డాక్టరు తేల్చరు. సర్జన్, కీమో లాంటి మందులు ఇచ్చే మెడికల్ ఆంకాలజిస్టు, రేడియేషన్ ఇచ్చే రేడియేషన్ ఆంకాలజిస్టు, స్కాన్లు చదివే రేడియాలజిస్టు, తీసిన ముక్కను పరీక్షించే పాథాలజిస్టు సాధారణంగా వారానికోసారి ఒకచోట కూర్చుని ఒక్కో కేసు చూస్తారు. దీన్ని ట్యూమర్ బోర్డు అంటారు, ఎండీటీ (పలు విభాగాల డాక్టర్ల బృందం) మీటింగ్ అనీ అంటారు. పేషెంటు మామూలుగా ఆ గదిలో ఉండరు. ఒక్కో కేసుకు దక్కేది కొద్ది నిమిషాలే, ఆ కాసేపట్లో తెర మీదకి ఏది వస్తే దాన్నిబట్టే నిర్ణయం. బయాప్సీ స్లైడు (గడ్డ ముక్కను పలచగా కోసి పరిచిన గాజు పలక) చేరకపోయినా, స్కాన్ సీడీ తెరుచుకోకపోయినా, పేషెంటు నాలుగు మెట్లు ఎక్కలేరన్న సంగతి ఎవరూ చెప్పకపోయినా ఎంత పేరున్న డాక్టర్లు కూర్చున్నా కేసు వాయిదా పడుతుంది, లేదా కాగితం మీద బాగుండి మనిషికి సరిపడని నిర్ణయం వస్తుంది. కాబట్టి ఇంటివాళ్లు చేయగలిగిన పనిలో ఎక్కువ భాగం మీటింగ్‌కు ముందే ఉంటుంది.

ఇలా కలిసి తేల్చడం వల్ల నిజంగా లాభం ఉందా అని అడిగేవాళ్లుంటారు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో ప్రాంతంలో 1995లో రొమ్ము క్యాన్సర్‌కు ఈ పద్ధతి పెట్టారు. పెట్టని చుట్టుపక్కల ప్రాంతాలతో పోలిస్తే రొమ్ము క్యాన్సర్ మరణాలు 18 శాతం తక్కువగా ఉన్నాయని 2012లో వచ్చిన అధ్యయనం చూపింది. అంతా మీటింగ్ వల్లే అనలేం, ఒకరి పని ఇంకొకరు చూడటం మొదలైతే ఆపరేషన్లు, పరీక్షలు కూడా మెరుగుపడతాయి కదా.

ఎప్పుడు వెళ్లాలి

మొదటి చికిత్సకు ముందు. తర్వాత వెళ్తే కొన్ని దారులు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి.

"గడ్డ కనిపించింది కదా, ముందు తీసేద్దాం" అనే తొందరలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. రొమ్ములో గడ్డ 2 సెంటీమీటర్లు దాటి హెర్2 పాజిటివ్ (హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉన్న రకం) గానీ ట్రిపుల్ నెగటివ్ (రెండు హార్మోన్ గ్రాహకాలు, హెర్2 మూడూ నెగటివ్ వచ్చిన రకం) గానీ అయితే చాలాసార్లు మందులే ముందు ఇస్తారు. ఆపరేషన్ నాటికి గడ్డ పూర్తిగా కరిగిందా, మిగిలిందా అన్నదాన్నిబట్టి తర్వాతి మందు మారుతుంది. ముందే కోసేస్తే గడ్డ ఆ మందుకు లొంగుతుందో లేదో తెలుసుకునే వీలు పోతుంది. కాలిలోనో చేతిలోనో లోతుగా పెరిగిన గడ్డ సార్కోమా (కండ, కొవ్వు, ఎముక లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్) అయ్యే అవకాశం ఉంటే బయాప్సీ సూది ఎటు నుంచి దించాలన్నది కూడా తర్వాత ఆపరేషన్ చేసే సర్జనే చెప్పాలి. సూది వెళ్లిన దారిని కూడా గడ్డతో కలిపి తీయాల్సి రావచ్చు, అడ్డదిడ్డంగా కోస్తే తీయాల్సిన కండ పెరుగుతుంది. వృషణంలో గడ్డ అనుమానం ఉంటే వృషణ సంచి మీద కోత పెట్టకూడదు, గజ్జ నుంచే తీయాలి. లింఫోమాకు (లింఫు గ్రంథుల క్యాన్సర్) పెద్ద ఆపరేషన్‌తో పనే ఉండదు, రోగం ఏ రకమో తేల్చడానికి సరిపడా ముక్క దొరికితే చాలు.

బోర్డు కోసం ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. పేగు పూర్తిగా మూసుకుపోవడం, ఆగని రక్తస్రావం, వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడటం, అక్యూట్ ల్యుకేమియా లాంటివి వస్తే చికిత్స వెంటనే మొదలవ్వాలి, చర్చ తర్వాత.

బయాప్సీ: రిపోర్టు ఒక్కటే చాలదు

బయట చేయించిన బయాప్సీ అయితే రిపోర్టు కాగితంతో పాటు గాజు స్లైడ్లు, మైనపు బ్లాకులు తెచ్చుకోవాలి. బ్లాకు అంటే బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బీలో మైనంలో పొదిగిన ముక్క. కొత్త పరీక్షలేవైనా దాన్నుంచే పలచటి పొరలు కోసి చేస్తారు. స్లైడ్ల కోసం ల్యాబులో రాతపూర్వకంగా అడగాలి, ఇవ్వడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. రిపోర్టు మీది నంబరు, బ్లాకు మీది నంబరు ఒకటేనా అని అక్కడే సరిచూసుకోండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా, ఆ స్లైడు ఈ పేషెంటుదేనా అని అవతలి ల్యాబు ఆపేస్తుంది, అది వాళ్ల తప్పు కాదు. బ్లాకుల్ని ఎండలో పెట్టిన కారులో వదిలేయొద్దు, అది మైనం.

పాథాలజిస్టు స్లైడును మళ్లీ చూడటం మొదటి ల్యాబును అవమానించడం కాదు. ఇక్కడ మారే ఒక్క మాటతో చికిత్స మొత్తం మారిపోవచ్చు. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 పరీక్షనే తీసుకోండి. 0, 1 వస్తే నెగటివ్, 3 వస్తే పాజిటివ్. 2 వస్తే రెండూ కాదు, హెర్2 జన్యువు ప్రతులను లెక్కించే ఫిష్ అనే ఇంకో పరీక్ష చేస్తేగానీ తేలదు. ఆ ఫలితం లేకుండా కేసు పెడితే ఆ వారం వృథా. రిపోర్టులో 2 కనిపించిన రోజే "ఫిష్‌కి పంపారా?" అని అడిగేయాలి.

తీసిన ముక్కను ఎలా ఉంచారన్నదీ లెక్కలోకి వస్తుంది. రొమ్ము ముక్క గంటలోపు ఫార్మలిన్‌లో (ముక్క చెడిపోకుండా ఉంచే ద్రావణం) పడాలి, అందులో 6 నుంచి 72 గంటలు ఉండాలి. అంతకు తగ్గినా మించినా హార్మోన్, హెర్2 ఫలితాలను నమ్మడం కష్టం. ఎముక నుంచి తీసిన ముక్కను ఘాటైన ఆసిడ్‌లో మెత్తబరిస్తే జన్యు పరీక్ష చెడిపోవచ్చు, కాబట్టి జన్యు పరీక్ష కావాలన్న మాట ముందే ల్యాబుకు చేరాలి. ఊపిరితిత్తుల బయాప్సీలో దొరికేది అగ్గిపుల్ల ముక్కంత. దాన్ని అన్ని రకాల రంగు పరీక్షలకూ వాడేస్తే ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లాంటి జన్యు పరీక్షలకు ఏమీ మిగలదు, మళ్లీ సూది గుచ్చాల్సి వస్తుంది.

స్కాన్లు

ఫిల్ములు గానీ ఫోనులో తీసిన ఫొటోలు గానీ పనికిరావు. డైకామ్ ఫైళ్లు (స్కాన్ యంత్రం ఇచ్చే అసలు బొమ్మల ఫైళ్లు) ఉన్న సీడీయో పెన్‌డ్రైవో కావాలి, అవి ఉంటేనే రేడియాలజిస్టు పొర పొరగా జరిపి, కొలిచి చూడగలరు. ఇంట్లోనో నెట్ సెంటర్లోనో ఒకసారి తెరిచి చూడండి. తెరుచుకోని సీడీ వల్ల వాయిదా పడ్డ కేసులకు లెక్కలేదు. పాత స్కాన్లు కూడా పెట్టండి, మూడేళ్ల కిందటి ఛాతీ స్కాన్‌లోనూ ఆ చిన్న మచ్చ అంతే ఉంటే అది క్యాన్సర్ పాకింది కాదని తేల్చడానికి అంతకన్నా చవకైన పరీక్ష లేదు. కొత్త స్కాన్ నెలన్నర దాటితే మళ్లీ చేయమనే అవకాశం ఎక్కువ.

అరపేజీ కాగితం

స్లైడు గురించి పాథాలజిస్టు చెబుతారు, బొమ్మల గురించి రేడియాలజిస్టు చెబుతారు. మనిషి గురించి మాత్రం, ఆయన్ని చూసిన ఒక్క డాక్టరు గుర్తు పెట్టుకున్నంతే బోర్డుకు చేరుతుంది. బోర్డు నిర్ణయాలు అమలు కాకపోవడానికి పదే పదే కనిపించే కారణాలు రెండు: ఇతర జబ్బుల సంగతి చర్చలోకి రాకపోవడం, పేషెంటు ఏం కోరుకుంటున్నారో ఎవరికీ తెలియకపోవడం. ఈ రెంటినీ ఒక అరపేజీ కాగితంతో సరిచేయొచ్చు. కేసు పెట్టే డాక్టరుకు మీటింగ్‌కు రెండు మూడు రోజుల ముందే ఇవ్వండి, మీటింగ్‌లో చూసే కేసుల జాబితా ఒకటి రెండు రోజుల ముందే మూసేస్తారు.

నమూనాకు ఒకటి:

"వయసు 61, బరువు 58 కిలోలు, ఆరు నెలల కిందట 64. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్, బయాప్సీ తేదీ, బ్లాకు నంబరు. వంట, స్నానం సొంతంగా చేసుకుంటారు. మధ్యాహ్నం గంటసేపు పడుకుంటారు, రెండో అంతస్తు ఎక్కేటప్పుడు మధ్యలో ఒకసారి ఆగుతారు. షుగర్ 12 ఏళ్లుగా. క్రియాటినిన్ ఇప్పుడు 1.4, ఏడు నెలల కిందట 0.8. కుడి చెవి సరిగా వినపడదు. రక్తం పలచబడే మాత్ర వాడరు. రోజూ ఆసుపత్రికి తీసుకురావడానికి ఒక్కరే ఉన్నారు. అడుగుతున్నది: రేడియేషన్‌తో పాటు కీమో తట్టుకోగలరా?"

ఇందులో బరువైన మాట ఆ రెండు క్రియాటినిన్ అంకెలు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో అది పెరిగితే కిడ్నీ పని తగ్గినట్టు. 1.4 అంటే చూడ్డానికి కొంచెమే ఎక్కువ. కానీ ఈ వయసుకు, ఈ బరువుకు లెక్క కడితే కిడ్నీ వడపోత నిమిషానికి దాదాపు 39 మిల్లీలీటర్లే. ఈ క్యాన్సర్‌లో రేడియేషన్‌తో పాటు మామూలుగా ఇచ్చే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుకు కనీసం 50–60 ఉండాలని చూస్తారు. ఇప్పటి అంకె ఒక్కటే చేరితే "షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతింది, సిస్‌ప్లాటిన్ వద్దు" అని ముగిసిపోవచ్చు. ఏడు నెలల కిందటి 0.8 పక్కనుంటే ప్రశ్న మారుతుంది: ఇంత తొందరగా ఎందుకు పెరిగింది? గడ్డ మూత్రనాళాన్ని నొక్కుతోందా? స్కాన్‌లో కిడ్నీ ఉబ్బి కనిపించి, దానికి వేరే కారణమేదీ లేకపోతే స్టేజీయే 3బీకి మారుతుంది. నాళంలో స్టెంటు వేసో, కిడ్నీకి గొట్టం పెట్టో అడ్డు తప్పిస్తే క్రియాటినిన్ దిగొచ్చు, అప్పుడు సిస్‌ప్లాటిన్ మళ్లీ లెక్కలోకి వస్తుంది. చెవి సంగతి కూడా అందుకే రాశారు, సిస్‌ప్లాటిన్ వినికిడిని దెబ్బతీస్తుంది.

రోజువారీ పనుల గురించి రాసింది ఈకాగ్ అనే కొలతకు సరిపోతుంది. మునుపటిలా అన్ని పనులూ చేసుకుంటే 0. బరువు పనులు తప్ప మిగతావి చేసుకుంటే 1. తమ పనులు తాము చూసుకుంటూ, ఉద్యోగం చేయలేకపోయినా పగలు సగానికి పైగా లేచి తిరుగుతుంటే 2. పగలు సగానికి పైగా మంచం మీదో కుర్చీలోనో గడిస్తే 3. పూర్తిగా మంచాన పడితే 4. ఘాటైన కీమో ఇవ్వాలా వద్దా అన్నది చాలాసార్లు 2కీ 3కీ మధ్య తేలుతుంది. మొహమాటానికి "బాగానే ఉన్నారు" అనకండి, భయంతో తక్కువ చేసీ చెప్పకండి. ఏం చేయగలరో రాస్తే అంకె వాళ్లే వేసుకుంటారు.

గతంలో ఎక్కడైనా రేడియేషన్ తీసుకుని ఉంటే ఆ ఆసుపత్రి నుంచి ఏ భాగానికి, ఎన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలత), ఎన్ని విడతల్లో ఇచ్చారన్న కాగితం తెప్పించాలి. అది లేకుండా అదే చోట మళ్లీ ఇవ్వడానికి ఎవరూ సాహసించరు. గుండెకు స్టెంటు, ఫిట్స్, హెపటైటిస్ బి, వాడుతున్న మాత్రలన్నీ, ఆకు మందులూ పొడులూ సహా రాయండి. పిల్లలు కావాలనుకునే వయసైతే ఆ మాట స్పష్టంగా రాయాలి, వీర్యం గానీ అండాలు గానీ దాచుకోవడం కీమో మొదలవ్వకముందే జరగాలి.

గదిలో ఏం జరుగుతుంది

ఒక కేసు ఊహించుకుందాం. వయసు 58, పురీషనాళంలో (పెద్దపేగు చివరి భాగం) గడ్డ, మలద్వారం నుంచి 6 సెంటీమీటర్ల పైన. బయటి ఎంఆర్‌ఐ రిపోర్టులో టీ3, ఎన్1 అని ఉంది, అంటే గడ్డ పేగు గోడలోని కండర పొర దాటింది, దగ్గరి కొన్ని లింఫు గ్రంథులకు పాకింది. సర్జన్ ఆపరేషన్‌కే మొగ్గుతున్నారు.

రేడియాలజిస్టు రిపోర్టు చదవరు, బొమ్మలు తెర మీద నడుపుతారు. పురీషనాళం చుట్టూ కొవ్వు ఉంటుంది, ఆ కొవ్వుకు బయట ఒక పలచటి పొర ఉంటుంది. సర్జన్ కోసేది ఆ పొర వెంబడే. గడ్డ అంచు ఆ పొరకు 1 మిల్లీమీటరు దగ్గరికి వచ్చిందని రేడియాలజిస్టు చూపిస్తారు. బయటి రిపోర్టులో ఆ కొలతే లేదు. ఇప్పుడు కోస్తే అంచులో రోగం మిగిలే ప్రమాదం ఉందని సర్జనే వెనక్కి తగ్గుతారు. రేడియేషన్ ముందు అన్న మాట వస్తుంది, ఇక చర్చ ఎలా ఇవ్వాలన్న దాని మీదకి మళ్లుతుంది: రోజుకు 5 గ్రేల చొప్పున 5 రోజులా, లేక కీమో మాత్రలతో కలిపి 25–28 విడతల్లో 45–50 గ్రేలా? అప్పుడు పాథాలజిస్టు ఎంఎంఆర్ పరీక్ష (డీఎన్ఏలో తప్పులను సరిదిద్దే ప్రొటీన్లు గడ్డలో ఉన్నాయా అని చూసేది) ఫలితం చెబుతారు. ఎంఎంఆర్ ప్రొటీన్లు లోపించి ఉంటే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకి పురికొల్పే మందు) ముందుకొచ్చి ఈ దారి మొత్తం మారుతుంది. ఇక్కడ లోపించలేదు, కాబట్టి రేడియేషన్ దారే. నర్సు అరపేజీ కాగితం చూసి "మూడు నెలల కిందట గుండెకు స్టెంటు వేశారు" అంటారు. రేడియేషన్‌తో ఇచ్చే కాపెసిటబైన్ మాత్ర కొందరిలో గుండె రక్తనాళాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. అందుకని గుండె డాక్టరు అభిప్రాయం వచ్చేదాకా మాత్ర ఆపాలని, 5 రోజుల రేడియేషన్‌ను ముందు పరిశీలించాలని రాసుకుంటారు. చర్చంతా ఐదారు నిమిషాలు. ఎంఆర్‌ఐ సీడీ, ఎంఎంఆర్ ఫలితం, స్టెంటు సంగతి అన్నీ చేరాయి కాబట్టే అంతలో తేలింది.

తేడా వచ్చేదీ ఇక్కడే. పాథాలజిస్టు రాకపోతే స్లైడు బదులు కాగితం మాట్లాడుతుంది. గదిలో పెద్దాయన ముందే తన మాట చెప్పేస్తే చిన్నవాళ్లు అవుననేస్తారు. జాబితా పొడుగైతే చివరి కేసులకు ఓపిక ఉండదు, మీటింగ్ సాగే కొద్దీ చర్చ నాణ్యత తగ్గుతుందని పరిశోధనల్లోనూ నమోదైంది. చిక్కుముడి కేసైతే జాబితాలో ముందు పెట్టమని మీ డాక్టరును అడగడం తప్పేమీ కాదు.

నిర్ణయం చేతికొచ్చాక

"బోర్డులో కీమో అన్నారండీ" అన్న నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. రాతలో ఇవ్వమనండి. అందులో స్టేజీ, దాన్ని దేన్నిబట్టి చెప్పారు, చికిత్స నయం చేయడానికా అదుపులో ఉంచడానికా, మొదట ఏ చికిత్స, ఎవరు ఎప్పటిలోగా మొదలుపెడతారు అనేవి ఉండాలి. ఎవరు, ఎప్పుడు అన్న రెండూ లేని నిర్ణయం ఫైలులోనే ఉండిపోతుంది. ప్రతి విభాగమూ ఇంకో విభాగం ఫోను చేస్తుందనుకుంటుంది.

డాక్టరును అడగాల్సినవి మూడు. అందరూ ఒకే మాట అన్నారా, వేరే అభిప్రాయం వచ్చిందా, వస్తే ఎందుకు? ఇంకే ఫలితమైనా రావాల్సి ఉందా, వస్తే ఈ నిర్ణయం మారుతుందా? ఇది వద్దనుకుంటే రెండో దారి ఏది, దాంతో ఏం పోగొట్టుకుంటాం? బోర్డు చెప్పేది సలహాయే, ఒప్పుకోవడం పేషెంటు చేతిలో ఉంటుంది. శాశ్వతంగా పొట్ట మీద సంచి వద్దు అని పేషెంటు గట్టిగా అంటే ఆ మాటతోనే కేసు మళ్లీ బోర్డుకు వెళ్లాలి, గుట్టుగా ఇంకో ఆసుపత్రికి వెళ్లిపోవడం కన్నా అది మేలు.

నిర్ణయానికీ మొదటి రోజు చికిత్సకూ మధ్య కొన్ని చిన్న పనులు జారిపోతుంటాయి. నోరు, గొంతు భాగానికి రేడియేషన్ అయితే ముందు పళ్ల డాక్టరుకు చూపించాలి, పీకాల్సిన పన్ను ఉంటే పీకాక పుండు మానడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. రేడియేషన్ తర్వాత పీకితే దవడ ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది. రొమ్ములో గడ్డకు కీమో ముందైతే గడ్డలో చిన్న లోహపు క్లిప్పు వేయించాలి, లేకపోతే గడ్డ పూర్తిగా కరిగిపోయాక ఎక్కడ కోయాలో సర్జన్‌కు గుర్తు దొరకదు. ట్రాస్టుజుమాబ్ (హెర్2 మీద పనిచేసే మందు) గానీ డాక్సోరుబిసిన్ (కీమో మందు) గానీ ఇవ్వబోతే ముందు గుండెకు ఎకో తీయాలి, అవి గుండెను దెబ్బతీయొచ్చు. కీమోకు ముందు హెపటైటిస్ బి పరీక్ష చేయించాలి, ఒంట్లో దాగి ఉన్న వైరస్ కీమోతో నిద్ర లేవగలదు.

రెండోసారి

బోర్డు ఒక్కసారితో అయిపోదు. ఆపరేషన్ తర్వాత పూర్తి పాథాలజీ రిపోర్టు రాగానే మళ్లీ అడగండి. అంచుల్లో రోగం మిగిలిందా, ఎన్ని లింఫు గ్రంథులు చూశారు, ఎన్నింటిలో ఉంది అనేవి తర్వాతి చికిత్సను తేలుస్తాయి. పెద్దపేగు ఆపరేషన్‌లో కనీసం 12 గ్రంథులు చూసి ఉండాలి, 7 చూసి "ఏమీ లేదు" అంటే ఆ మాటకు బలం తక్కువ. గడువులూ ఉన్నాయి: పెద్దపేగుకు ఆపరేషన్ తర్వాతి కీమోను 8 వారాల్లోపు, నోరు, గొంతు క్యాన్సర్‌కు ఆపరేషన్ తర్వాతి రేడియేషన్‌ను 6 వారాల్లోపు మొదలుపెట్టాలని చూస్తారు. పళ్లు, పుండు మానడం, ప్లానింగ్ స్కాన్ (రేడియేషన్ ఎక్కడ ఇవ్వాలో గీసుకోవడానికి తీసే స్కాన్) అన్నీ ఆ 6 వారాల్లోనే పట్టాలి కాబట్టి పాథాలజీ రిపోర్టు కోసం రెండు వారాలు ఊరికే కూర్చోకూడదు.

రెండు ఆసుపత్రులు రెండు రకాలుగా చెబితే ఎవరు గొప్ప అని ఆలోచించే ముందు రెండు కాగితాల్లోనూ స్టేజీ ఒకటేనా చూడండి. చాలాసార్లు అక్కడే తేడా ఉంటుంది: ఒకరు పాత స్కాన్ చూసి ఉంటారు, ఇంకొకరి దగ్గర ఫిష్ ఫలితం ఉండి ఉండదు. తక్కువైన కాగితాన్ని వాళ్లకు అందించి మళ్లీ అడగండి. స్టేజీ, పరీక్షలు అన్నీ ఒకటై కూడా మాట వేరైతే అది నిజమైన అభిప్రాయభేదం. అప్పుడు ఒక్కో దారిలో నయమయ్యే అవకాశం ఎంత, దాని కోసం ఒళ్లు ఏం భరించాలి అన్న రెండు ప్రశ్నలూ ఇద్దరినీ అడగాలి. మీ ఆసుపత్రిలో బోర్డే లేకపోతే, బోర్డున్న చోటికి పేషెంటును తిప్పకుండా స్లైడ్లు, సీడీ, అరపేజీ కాగితం పంపి ఆన్‌లైన్‌లో చర్చకు పెట్టించవచ్చేమో మీ డాక్టరును అడగండి. బ్లాకులు పంపితే రసీదు తీసుకోండి, పని కాగానే వెనక్కి తెప్పించుకోండి. ఏడాది తర్వాత కొత్త మందుకు కొత్త పరీక్ష కావాల్సొస్తే మళ్లీ ఆ మైనపు ముక్కనే అడుగుతారు.